గళ్ళు తప్పని బొంత

చుట్టుకొండల నడుమ చిక్కుకొన్న వేసవిగాలి రాత్రి రెండవ జాము దాటినను చల్లారక, మేడమీద పరచిన చాప సైతము ఒంటికి వెచ్చగా తగులుచుండెడి ఈ రాయవేలూరులో, మంచుదేశములవారు చలికి జడిసి కల్పించుకొన్న మూడుపొరల దుప్పటిని పనిగట్టుకొని కుట్టుచు కూర్చుండువారిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వుకొందురనిన, ఆ నవ్వులో న్యాయము లేకపోలేదు. అయినను బొంత మనకు పరాయిది కాదు. తల్లి కట్టి విడిచిన నూలుచీరలు నాలుగు, తండ్రి పంచె యొకటి, అంచులు చినిగిన దుప్పటి యొకటి ఒకదానిపై నొకటి పరచి, మూలలకు బరువులు పెట్టి, మధ్యాహ్నపువేళ నలుగురాడువారు చుట్టును కూర్చుండి, దబ్బనములతో బారుబారు కుట్లు వేయుచు, ఊరి సంగతులన్నియు చెప్పుకొనుచు ముగించిన బొంత లేని యిల్లు, ఇక్కడ వేలూరు పల్లెలలో గాని అటు చిత్తూరు సీమలో గాని, మా చిన్నతనమున అరుదు. పుట్టిన బిడ్డను కొత్తగుడ్డపై పరుండబెట్టరాదనెడి ఆచారమునకు మూలమేమైనను, పలుమారు ఉతికి మెత్తబడిన పాతగుడ్డ హాయి కొత్తదానికి లేదనుట పెద్దలు అనుభవమున కనుగొన్న సత్యము.

ఆ బొంతయే యిప్పుడు ‘క్విల్టు’ అను పేరుతో పట్టణములలో వేడుకపనియై, ఉద్యోగము విరమించినవారిని, పిల్లలు దూరదేశములకు వెడలిపోగా మధ్యాహ్నములు ఖాళీపడినవారిని, ఒక్కొక్కచోట పడుచువారిని సైతము ఆకర్షించుచున్నది. నేనును ఆ జట్టులోని దాననే. నాకున్నది కాలితో తొక్కెడి పాత ఉషా మిషను, ఒక మంచి కత్తెర, అడుగుకట్ట, కచ్చాకుట్టు వేయుటకు తెల్లదారపు ఉండ. ఈ విద్యను పుస్తకములలో చూచి నేర్చువారికి పైగుడ్డ, నడుమ దూదిపొర, అడుగుగుడ్డ అను మూడింటి శాస్త్రము మొదటిపాఠము. వేలూరు ఎండలెరిగినవారు ఆ నడిమి దూదిని నిర్దాక్షిణ్యముగా తీసివేసి, దాని స్థానమున బాగుగా నలిగిన పంచెను పరచుట మేలు. బరువు తగ్గును, చెమట పీల్చును, ఉతికి ఆరవేసినచో సాయంకాలమునకు ఆరును. దూది నింపిన రజాయి ఊటీ పోవువారికి వదలివేయవచ్చును.

ఇక గుడ్డ సంగతి. కోటకు చేరువనున్న సారథి మాళిగలోని చిల్లరదుకాణములు, లాంగ్ బజారులోని బట్టలకొట్లు, వాని వెనుకసందులలో రవికెలు కుట్టు దర్జీల అంగళ్ళు, ఇవి వేలూరులో బొంతకుట్టువారి తీర్థస్థానములు. దర్జీలవద్ద దొరకునది టూ బై టూ రూబియా రవికెగుడ్డల కత్తిరింపులు; ప్రపంచమున ఎన్ని రంగులు కలవో అన్నియు ఆ గోనెసంచిలో ఉండును, కాని అరచేతికంటె పెద్దముక్క ఒక్కటియు ఉండదు. “ఈ ముక్కలు మిషను తుడుచుకోడానికి కూడా రావు గదమ్మా, వీటితో ఏం చేస్తారు?” అని అడిగిన దర్జీకి, మరునెలలో కుట్టిన దిండుగలీబును చూపగా, అతడు ముందు దానిని తిరుగవేసి లోపలికుట్టును పరీక్షించి, ఆపిమ్మటగాని పైరంగులను చూడలేదు. పని తెలిసినవాని చూపు అది. 1806 జూలై 10న ఈ కోటలో సిపాయిలు తిరుగబడుటకు, తలపాగా తీరు మార్చవలెనని దొరలు చేసిన ఉత్తరువు ముఖ్యకారణములలో ఒకటని చరిత్ర చెప్పుచున్నది. గుడ్డ విషయమున ఈ నేలకు పట్టింపు పాతదేననుకొనవలెను.

రవికెగుడ్డ మెరుపు నాకు త్వరలోనే విసువు కలిగించెను. నా మనసు నిలిచినది గుడియాత్తం గళ్ళలుంగీపై.

కాట్పాడి దాటి లత్తేరి, కె.వి. కుప్పముల మీదుగా బస్సులో పోయినచో, కౌండిన్యనదికి ఇరుగట్టుల వ్యాపించిన ఆ నేతలయూరు వచ్చును. నది పేరునకు నదియేగాని యేడాదిలో అధికభాగము ఇసుకయే. బీడీలు, అగ్గిపెట్టెలు, లుంగీలు అను మూటిపై ఆ యూరు బ్రదుకుచున్నది. 1954లో కామరాజు ముఖ్యమంత్రియైన పిమ్మట శాసనసభకు ఎన్నికైనది ఇక్కడినుండియే. స్వాతంత్ర్యము వచ్చిననాడు ఢిల్లీలో ఎగిరిన జెండాగుడ్డ తమ మగ్గముపైననే నేసినదని గుడియాత్తంవారు చెప్పుకొందురు. వారి వాకిట కూర్చుండి మజ్జిగ త్రాగినవారు ఆ మాటకు సాక్ష్యమడుగుట మర్యాద కాదు. 1911 వరకు ఈ తాలూకాయు చిత్తూరును ఒకే ఉత్తరార్కాటు జిల్లాలో నుండెను, ఆ జిల్లాకు ముఖ్యస్థానము చిత్తూరే. కనుకనే ఊరిలో ఒక పేటకు నెల్లూరుపేట యని పేరుండుటయు, నేతకులమువారైన సెంగుంతరుల తమిళముతోపాటు నేతయిండ్లలో తెలుగు మాట వినవచ్చుటయు వింతగాదు.

నేను కూర్చుండి చూచిన మగ్గము గుంటమగ్గము. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టి, పడుగు నాభికెదురుగా నుండునట్లు కూర్చుండును. ఎరుపు, నలుపు, తెలుపు నూలుకండెలు గల నాడెలు అతని కుడిప్రక్క వరుసగా నుండును. లెక్కకు తగినన్ని పోగులు పోయగానే ఒక నాడెను విడిచి మరియొకదాని నందుకొనును. లెక్క ఎక్కడను వ్రాసియుండదు. పెదవులు కూడ కదలవు. నేను అడిగితిని గాని అతడు వెంటనే చెప్పలేదు, లెక్క తప్పిపోవునని కాబోలు. ఆ గడి ముగిసినపిమ్మటనే తలయెత్తెను. నూలునకును ఒక లెక్క గలదు. అరువదవ నంబరు నూలనిన పౌనుకు 60 చిలపలని, ఒక్కొక్క చిలప 840 గజములని పాతలెక్క. అనగా పౌను నూలును సాగదీసినచో 50,400 గజములు, సుమారు 46 కిలోమీటరులు. గుడియాత్తమునుండి వేలూరునకు వచ్చి ఇంకను మిగులునంత దారమది. నేతగాని లెక్క ఆ దారమునంతటిని పోగుపోగుగా గళ్ళలో పెట్టును.

ఇచ్చట ఒక రహస్యమున్నది. గళ్ళగుడ్డకు కత్తెర పెట్టదలచిన ప్రతివారును దానిని ముందుగా తెలిసికొనవలెను. గడి యొక్క అడ్డుకొలతను నిర్ణయించునది పన్నె. పడుగుపోగులు పన్నెపండ్లలో ఒదిగి నిలుచును గనుక ఆ కొలత మొదటినుండి తుదివరకు మారదు. నిలువుకొలతను నిర్ణయించునది నేతగాని చేయి. ఉదయము గట్టిగా కొట్టిన చేయి మధ్యాహ్నము అలసి మెత్తబడును. పోగుల సంఖ్య అదియే యైనను గడి వెండ్రుకవాసి పొడవగును. కావుననే చేనేతలుంగీలోని గడి చూచుటకు చతురస్రమేగాని, కొలిచినచో చతురస్రము కాదు. అడుగుకట్ట పెట్టి గీతగీసి కోసినచో, నాలుగు గళ్ళ దూరము పోవునప్పటికి కత్తెర ఎరుపుపోగును విడిచి నలుపుపోగులోనికి దిగును. అట్టి ముక్కలను జతచేసి కుట్టిన బొంత, కుట్టు ఎంత సన్ననిదైనను, వంకరగానే కనబడును. ఆ నేతగాడు నా సంచిలోని అడుగుకట్టను చూచి, “స్కేలు పెట్టి కోయొద్దమ్మా, వంకర పోతాది. ఒక పోగు లాగేసి, ఆ సందులో కోయండి” అనెను.

అంచుకడ సూదిమొనతో ఒక్కపోగును పైకెత్తి, దానిని రెండువ్రేళ్ళతో పట్టి మెల్లగా లాగగా, గుడ్డ ఆ పోగు వెంబడి కుచ్చులువారి ముడుచుకొనును. తొందరపడిన పోగు తెగును, తెగినచోట మరల సూది గ్రుచ్చి అందుకొనవలెను. పోగు పూర్తిగా వచ్చినపిమ్మట గుడ్డను సవరదీసినచో, ఈ చివరనుండి ఆ చివరకు వెలుతురు పాఱునట్టి సన్నని గీత ఏర్పడును. ఆ గీతలో కత్తెర నడచినచో ముక్క యే దిక్కునను తప్పదు. తరువాత కుట్టులెక్క: అంగుళమునకు 60 పోగులుగల గుడ్డలో, రెండుముక్కలను జతచేయునపుడు పావంగుళముచొప్పున ఇరువైపుల లోనికి మడిచిన, మొత్తము 30 పోగులు కుట్టులో మాయమగును. ఏ 30 పోగులు మాయమగుచున్నవో ఎరిగి ముక్కను కోసికొన్నచో, కుట్టు దాటినపిమ్మటకూడ గడి తెగక సాగిపోవును. ఎరుగక కోసినచో గడి విరుగును. మేనగోడలి మంచమునకు ఈమధ్య నేను కుట్టిన బొంతలో ఎరుపు-నలుపు లుంగీ, పసుపు-ఆకుపచ్చ లుంగీ రెండింటిని తొమ్మిదిగళ్ళ కూర్పులో పెట్టి, ఒకదాని తెల్లపోగు రెండవదాని తెల్లపోగులో కలియునట్లు అమర్చితిని. కుట్టుటకంటె లెక్కించుటకే ఎక్కువ పొద్దుపోయినది. కొత్తలుంగీ గంజితో బిరుసుగా నుండి మిషను క్రింద చక్కగా నిలుచును, కాని అది మోసము. ఉతికినచో కుదించును, రంగు దిగును. గత శతాబ్దపు 50, 60 దశకములలో అమెరికావారు మన మద్రాసుగళ్ళ గుడ్డను కొని, రంగు దిగుచున్నదని గోలపెట్టి, తుదకు రంగు దిగుటయే దీని విశేషమని ప్రకటనలు వేసి అమ్ముకొనిరి. బొంతకుట్టువారికి అట్టి వాక్చాతుర్యము పనికిరాదు. తెల్లముక్క ప్రక్కన ఎరుపుముక్క పెట్టవలెనన్న, నీరు తేటపడువరకు ముందుగనే ఉతుకవలెను.

కలంకారి ముక్కలను, లుంగీగళ్ళను ఒక్కబొంతలో పెట్టరాదా యని నన్నడుగువారున్నారు. పెడన అచ్చుగుడ్డయు, శ్రీకాళహస్తి కలపుపనియు నాకు ప్రాణమే. కాని తీగలును లతలును మెలికలు తిరుగుచు పోవు గుడ్డప్రక్కన నిలువడ్డు గీతల గుడ్డ నిలిచినచో రెండును పెడమొగము పెట్టును. దేని బొంత దానిదే.

గళ్ళకు కత్తెర పెట్టు విద్యలో నాకు తెలిసినంతలో మహానిపుణులు గుడియాత్తమునకు గాని భారతదేశమునకు గాని చెందినవారు కారు. నైజీరియాలో నైజరునది డెల్టాయందలి కలబారి స్త్రీలు. శతాబ్దములుగా మన తీరమునుండి ఓడలపై పోయిన మద్రాసు గళ్ళగుడ్డను వారు ‘ఇంజిరి’ యందురు. ఆ గుడ్డను వారు అట్లే కట్టుకొనక, సూదితో పోగునెత్తి, బ్లేడుతోనో చిన్నకత్తితోనో కొన్ని పోగులను కోసి లాగివేసి, మిగిలిన పోగులతోనే ఒక కొత్తరూపును వెలికితీయుదురు. ఆ పనికి వారిభాషలో ‘పెలెటె బిటె’ యని పేరు. దానితో గుడ్డ జాలువారి మెత్తబడును, వారి వంశపు ముద్ర అందులో వెలయును, శుభాశుభకార్యములకు అది తప్పనిసరి యగును. ఇక్కడి నేతగాడు పెట్టిన లెక్కను, అతని ముఖమైనను ఎరుగని స్త్రీ అక్కడ చదివికొని, అందులోనుండి తనకు వలయునది ఉంచుకొని తక్కినది తీసివేయుచున్నదన్నమాట. కోయుటలో ఇంతటి వినయము మరియొకచోట కానరాదు.

ముక్కల కూర్పునకు పాశ్చాత్యులే ఆద్యులనుకొనువారు ఇంగ్లండులోని లెవెన్స్ హాలు అను పాతభవనపు బొంతను గూర్చి తెలిసికొనవలెను. సుమారు 1708 నాటిదని చెప్పెడి ఆ బొంత, ఆ దేశమున మిగిలియున్న ముక్కలబొంతలలో అతిప్రాచీనమైన వానిలో ఒకటి. అందలి ముక్కలు భారతదేశపు అద్దకపు చీటీగుడ్డవి. మన కోరమాండలు తీరపు గుడ్డలు వెల్లువగా పోయి ఐరోపా నేతగాండ్ర పొట్టగొట్టుచున్నవని ఫ్రాన్సు 1686లో నిషేధించెను. ఇంగ్లండు 1700లో రంగుల అద్దకముల దిగుమతిని, 1721లో వాని వాడుకను సైతము అడ్డగించి, 1774 వరకు ఆ శాసనమును తొలగింపలేదు. దొరకని వస్తువుపై మోజు హెచ్చుట లోకరీతి గనుక, ఉన్న చీటీగుడ్డ చినిగినను పారవేయక, చిన్నముక్కను సైతము పొదువుకొని మరియొక గుడ్డపై అతికించుకొను అలవాటునకు ఆ నిషేధములు కొంత ఊతమైయుండునని నా ఊహ. మన ముక్కలనే వారు దాచుకొని, ఆ విద్యనే మనకు తిరిగి పుస్తకముల రూపమున అమ్ముచున్నారనిన అతిశయోక్తి కాబోలును గాని, పూర్తిగా అబద్ధము కాదు.

ప్రదర్శనల మాట. 2019 జనవరిలో చెన్నైలో జరిగిన ఇండియా క్విల్టు ఫెస్టివల్ మొదలుకొని ఈ దేశపు బొంతకుట్టువారికి తమదను ఒక వేదిక ఏర్పడినది. అంతకుముందు హ్యూస్టను, బర్మింగుహాము సంతలను గూర్చి చదివికొనుటయే మా భాగ్యము. గోడలంత యెత్తున వ్రేలాడదీసిన బొంతలనడుమ నడచుట గొప్ప అనుభవమనుటలో సందేహము లేదు. అయినను పాశ్చాత్యుల ప్రదర్శనలలోని ఒక నియమము నాకెన్నటికి రుచింపదు: చూపరులు ముట్టరాదు, తెల్లని చేతితొడుగులు ధరించిన సేవకురాలు వచ్చి అంచు నెత్తి వెనుకవైపు చూపును. గుడ్డ పాడగునన్న వారి భయము సమంజసమే. కాని ముట్టిచూడని బొంతను గూర్చి మనమేమి తీర్పు చెప్పగలము? మా మేనత్త బొంతను చేతబట్టి మొదట ముక్కుకడ పెట్టుకొని, పిదప మూల నలిపి, తుదకు ఎండకెత్తి చూచెడిది.

గోడకెక్కిన బొంతలలో అలబామా రాష్ట్రపు గీస్‌బెండు గ్రామమందలి నల్లజాతిస్త్రీలవి ప్రత్యేకముగా చెప్పదగినవి. పొలముపనికి కట్టి చినిగిన లాగులు, చొక్కాలు కోసి చలికి కుట్టుకొన్న ఆ బొంతలు 2002లో హ్యూస్టను చిత్రశాలయందును, పిమ్మట న్యూయార్కు విట్నీ మ్యూజియములోను నిలిచి, 2006లో అమెరికా తపాలాబిళ్ళలకు సైతము ఎక్కెను. మనదేశమున ఉత్తరకన్నడ జిల్లా అడవులలోని సిద్దీల కవండి బొంత దానికి ఏమాత్రము తీసిపోదు: అంచునుండి మొదలిడి, ముక్కపై ముక్క పెట్టుకొనుచు, చుట్టును తిరుగుచు నడిమికి చేరి ముగించుట దాని పద్ధతి, నాలుగుమూలల మడిచిన గుడ్డతో పువ్వు కుట్టనిదే ఆ బొంత పూర్తికాదు. నేనిప్పుడు కుట్టుచున్నది ఆ తీరుదే. కొలతబద్దకు అందులో పనిలేదు. గళ్ళతో కుస్తీపట్టిన చేతికి అది విశ్రాంతి.

ఇంత దూరపుమాటలు చెప్పుకొనుచు, ఇంటిముంగిట నున్నదానిని మరువరాదు. 1900లో ఐడా స్కడరు అను అమెరికా వైద్యురాలు ఒకేయొక మంచముతో ఆరంభించిన చికిత్సాలయము పెరిగి క్రిస్టియన్ మెడికల్ కాలేజి ఆసుపత్రి కాగా, వంగదేశమునుండి, ఝార్ఖండమునుండి, బంగ్లాదేశమునుండి వచ్చు రోగుల బంధువులతో దానిచుట్టునున్న వీథులు నిండియుండును. అంగళ్ళ బోర్డులపై బెంగాలీ అక్షరములు వెలసినవి. నెలలతరబడి ఉండవలసిన ఆ కుటుంబములు లాడ్జీల మిద్దెలపై ఆరవేసిన గుడ్డలలో, పాతచీరల పొరలపై నీటియలలవలె సన్నకుట్టు పాఱిన కాంథాలను నేను పలుమారు చూచితిని. ఒక లాడ్జి మెట్లపై కూర్చుండి ఒక ముదుసలి, లోన చికిత్స పొందుచున్నవారికై వేచియుండి, అటువంటి కుట్టే వేయుచుండెను. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. సంచిలోని నా లుంగీముక్కను తీసియిచ్చితిని. ఆమె దానిని వెలుతురుకెత్తి, గోటితో గళ్ళు లెక్కించెను.

ఇక ఆ గళ్ళు నేయువారి మాట. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రక్షణచట్టము కొన్నిరకముల గుడ్డలను మరమగ్గము నేయరాదని నియమించెను. మొదట 22గా నున్న ఆ రకములను తరువాత 11కు కుదించినను, లుంగీ ఆ పదునొకటిలో నిలిచియున్నది. చట్టము చట్టముగనే యున్నది, అంగడిలో మరమగ్గపు గళ్ళు మరమగ్గపు గళ్ళుగనే యున్నవి. పడుచువారు లుంగీని ఇంటిలోపలికి పరిమితము చేసిరి. చాలమంది అదియు మానిరి. బొంతకుట్టువారము నలుగురము కొన్నంతమాత్రమున మగ్గములు నిలుచునని నేననను. కాని పరదేశపు ముద్దుపువ్వుల అచ్చుగుడ్డను మీటరు మీటరునకు వందలు పోసి తెప్పించుకొనువారు, ముప్పదిచిల్లర కిలోమీటరుల దూరమున ఇంతటి లెక్కగల గుడ్డ దొరకుచుండగా ఆవైపు చూడకుండుట అవివేకమని మాత్రము ఖండితముగా చెప్పుదును.

గుడియాత్తమునకు పోదలచిన చదువరులకు నా మనవి యిది. సరియైన లుంగీలతోపాటు, మగ్గపు చివర మిగిలిన ముక్కలను, పోగు తెగి పక్కనపెట్టిన గుడ్డలను అడిగి తీసికొనుడు. వానికి వారు చెప్పిన వెలను బేరమాడక ఇండు. ఏ రంగు ఎన్నిపోగులో నేసినవారినే అడిగి ఒక చీటిపై వ్రాసికొనుడు, ఇంటికి వచ్చి లెక్కించుటకంటె అది సులువు. తమిళుల వైకాసినెల మొదటితేదీన, అనగా మే నెల నడుమ, ఊరంతయు గంగమ్మ శిరస్సు తిరునాళ్ళలో నుండును. అమ్మవారిని చూడదలచినవారు ఆనాడు పోవచ్చును గాని, గుడ్డకై పోవువారు మరియొకనాడు పోవుట మంచిది.